ముప్పై తల్లుల గింజలు

కొత్తపెళ్ళికూతురికి ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. పెళ్ళయి నలభై రోజులైనా నర్సరీలో అందరూ ఆమెను ఇంకా అలాగే పిలుస్తున్నారు; ఆమెకూ ఆ పిలుపు ముద్దుగానే ఉంది. పొద్దున ఊడిన ఆమె చొక్కా గుండీని భర్త తానే కుట్టిపెట్టాడు, తెల్ల చొక్కాకి ఎర్ర దారంతో. దాన్ని తడుముకుంటూ గింజల గదిలో గోడ నుంచి గోడకి తిరుగుతోంది.

బల్ల మీద రెండు సంచులున్నాయి. రెండేళ్ళ కిందట కాలిపోయిన కొండకి మళ్ళీ గట్టిమాను చెట్లు నాటాలి. ఒక సంచిలో ఆ కొండ మీదే మంటకి మిగిలిన చెట్ల గింజలు. రెండోది దక్షిణాన మూడు వందల కిలోమీటర్ల దూరంలోని పల్లపు నేల నుంచి వచ్చింది. అక్కడి ఎండలు ఏటేటా ఇటు జరుగుతున్నాయి. ఇవాళ నాటే మొక్క నలభై ఏళ్ళ తర్వాతి వేసవిని కూడా తట్టుకోవాలి కదా అన్నది ఆమె వాదం. ఏ కొండ గింజ ఆ కొండకే అన్నది నర్సరీ నడిపే పెద్దసారు పట్టుదల. నెల్లాళ్ళు పోరితే, ఎండ ఎక్కువ పడే వాలుకి మాత్రం పల్లపు గింజకి ఆయన ఒప్పుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి గింజలు నానబోయాలి. నానాక ఇక వెనక్కి తీయడం ఉండదు.

చిక్కేమిటంటే ఆ పల్లపు నేల ఆమె పుట్టిల్లు. నర్సరీకి గింజలు కోసుకొచ్చే, అంతా బాబాయి అని పిలిచే ముసలాయన అందరి ముందూ అననే అన్నాడు: "అత్తారింటికి పెట్టెతో పాటు చెట్లూ తెచ్చుకుంటున్నావా అమ్మా?" అందరితో పాటు తనూ నవ్వింది గానీ, ఆ మాట అరికాలి ముల్లై కూర్చుంది. లెక్కలు చూసి ఎంచుకుందా, బెంగతో ఎంచుకుందా? వానల లెక్కలు మూడుసార్లు తిరగేసింది. లెక్క సరిగ్గానే ఉంది, మనసే కుదుటపడలేదు.

ఊరికే ఉండలేక, లోపల పప్పు బాగుందో లేదో కోసి చూసే పరీక్షకని రెండు సంచుల్లోంచీ వందేసి గింజలు పరిచింది. కొండ గింజలు పెళ్ళి ఫొటోలో చుట్టాల్లా ఉన్నాయి: పొట్టివీ పొడుగువీ, నల్లవీ చామనఛాయవీ. పల్లపు గింజలన్నీ ఒకే ఎత్తు, ఒకే గోధుమరంగు, ప్రతిదాని నడుమునా వాలుగా ఒక తెల్ల చార. భలే ఉన్నాయే అని మురిసిపోయింది. మరుక్షణం చెయ్యి ఆగిపోయింది. సంచి చీటీ మీద ముప్పై చెట్ల గింజలని రాసి ఉంది, చెట్టుకీ చెట్టుకీ మధ్య వంద అడుగుల ఎడంతో. ముప్పై మంది తల్లుల పిల్లలకి ఒకే ముఖం ఎలా వస్తుంది?

బాబాయి షెడ్డు అరుగు మీద చెట్లెక్కే తాడు సరిచేసుకుంటున్నాడు.

"నిజం చెప్పు బాబాయ్. ఎన్ని చెట్లెక్కావు?"

"చీటీలో ఉందిగా."

"చీటీ చదివాను. గింజలు వేరే మాట చెప్తున్నాయి."

అతను తాడు ముడి విప్పి మళ్ళీ వేశాడు. "రెండు," అన్నాడు చివరికి. "ఎండకి కళ్ళు తిరిగాయమ్మా. ఆ రెండూ అక్కాచెల్లెళ్ళలా పక్కపక్కనే, కొమ్మలు వంగేంత కాసి ఉన్నాయి. గింజ గింజే, ఏ తల్లిదైతేనేం అనుకున్నా."

అరవై దాటిన మనిషిని ఏమనగలదు? వాలంతా ఇద్దరు తల్లుల పిల్లలే అయితే, ఒక చెట్టుకి పట్టిన తెగులు అన్నిటికీ పడుతుంది. ఆ తర్వాత తోబుట్టువులు తమలో తామే కలిసి కాచేవన్నీ పీలగింజలే. కానీ ఈ చెట్లు కాయడానికే పాతికేళ్ళు పడుతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, నెల్లాళ్ళు పోరి గెలిచిన మాటా నిలబడుతుంది. టైము మూడు దాటింది. నీళ్ళ తొట్టి దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి కాళ్ళు పెద్దసారు గదివైపు తిరిగాయి.

అంతా విన్నాక, నేను ముందే చెప్పానని ఆయన అనలేదు. అదే ఇంకా కష్టంగా తోచింది. కొండ గింజే రెండు వాలులకీ సరిపెట్టేద్దామన్నాడు. ఆమె వద్దంది. చల్లటి వాలుకి కొండ గింజ చాలు, ఎండవాలు ఈ ఏడు ఖాళీగా ఉండనివ్వమంది. పల్లంలో చివరి కాపు ఇంకో మూడు వారాలుంటుంది; తనే వెళ్ళి కోయించుకొస్తుంది. ఈ ఏడు నాటే అదను దాటిపోతుంది, నిజమే; వచ్చే ఏడు నాటొచ్చు.

"ఖాళీ వదిలితే గడ్డి దిగుతుందమ్మా," అన్నాడు పెద్దసారు. "గడ్డి పిలవని చుట్టం. వచ్చిందంటే కదలదు."

"గడ్డి పీకడం కష్టమే సార్. నలభై ఏళ్ళకి మోడులు పీకడం ఇంకా కష్టం."

"ఖాళీ ఎందుకని పైవాళ్ళు అడుగుతారు. నీ పేరు రాయనా?"

"రాయండి."

నాలుగింటికి ఒక్క సంచే నానింది. వచ్చే వారం సముద్రం చూడ్డానికి వెళ్దామనుకున్న భర్తకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. సముద్రానికి బదులు పల్లానికి వెళ్దామంది.

"నాకు చెట్టెక్కడం రాదు," అన్నాడతను.

"కింద గింజలు పడే పట్టా పట్టుకుని నిలబడు చాలు. బాబాయి ఎక్కుతాడు, నేను లెక్కపెడతాను."

"హనీమూన్‌కి బాబాయి కూడానా?"

నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోన్ పెట్టేసి కాగితం లాక్కుని పుట్టింటి దారుల్లోని గట్టిమానులు రాయడం మొదలుపెట్టింది: బడి గేటు దగ్గరిది, బస్సు మలుపు దగ్గరిది, పోస్టాఫీసు వెనకది. బడి పక్కన ఇంకోటుంది గానీ మరీ దగ్గర, వంద అడుగులుండవు. కొట్టేసింది. పదకొండు దగ్గర పెన్సిలు ఆగింది. మిగతా పందొమ్మిదీ ఎక్కడున్నాయో, అసలు ఉన్నాయో లేదో, అమ్మని అడగాలి.