మధు పేరున్న లెక్కలు

నా ట్యూషన్లో లెక్కల్లోని మనుషులంతా ట్యూషన్ పిల్లలే. పుస్తకాల్లో ఎవరో ఒకాయన ఇరవై నాలుగు అరటిపళ్ళు కొంటాడు. ఆయనెవరో పిల్లలకి తెలీదు, కొంటే వీళ్ళకేం, కొనకపోతే వీళ్ళకేం. అదే "సింధూర ఇరవై నాలుగు జామకాయల్ని ఆరుగురికి సమానంగా పంచింది" అని రాశాననుకోండి, సింధూర నిటారుగా కూర్చుంటుంది. తక్కినవాళ్ళు తమ వంతుకి ఎన్నొస్తాయో తేల్చుకునేదాకా ఊరుకోరు. దిల్‌సుఖ్‌నగర్లో మెట్రో పిల్లర్లు కనపడే ఈ మూడో అంతస్తు హాల్లో ఇరవై రెండేళ్ళుగా చిన్న తరగతుల పిల్లలకి ఇలాగే చెబుతున్నాను. కూడికలకి చింతగింజలు, పదుల కట్టలకి ఐస్‌క్రీం పుల్లలు, భిన్నాలకి చపాతీలు. నా పేరు విజయదుర్గ. పిల్లలు చాటుగా నన్నేమని పిలుస్తారో కూడా తెలుసు, అది ఇక్కడ రాయను.

నాకో నియమం ఉండేది. బోర్డు మీది అయిదు లెక్కలూ అయ్యేదాకా ఎవరూ చాప మీంచి లేవకూడదు. కడుపునొప్పి, కాలునొప్పి, కళ్ళు మండటం, అన్నీ విన్నదాన్ని. మాటల్లో ఇచ్చిన లెక్క కనపడగానే పిల్లలకి రోగాలు పుట్టుకొస్తాయని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మూడేళ్ళ కిందట మధు అని నాలుగో తరగతి పిల్లాడు వచ్చేవాడు. వాళ్ళది పోచంపల్లి వైపు నేతపని ఇల్లు. తాత మార్కండేయులు మగ్గం నేసేవాడు. తల్లి మల్లమ్మ మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక చీరల షాపులో పని చేస్తుంది. కాపురం ఎల్బీ నగర్ అవతల కిరాయింట్లో. వాణ్ణి స్కూలు ఆటో మా గేటు దగ్గర దింపేది, ఏడింటికి మల్లమ్మ డ్యూటీ దిగి వచ్చి తీసుకుపోయేది. అందరూ పుల్లల కట్టలకి రబ్బరు బ్యాండు వేస్తే, వాడు మాత్రం తాత దగ్గర్నుంచి తెచ్చిన ఎర్ర నూలుతో మూడు చుట్లు చుట్టి ముడేసేవాడు. రబ్బరు తెగుతుందట, నూలు తెగదట.

ఆగస్టులో ఒక సాయంత్రం తల నొస్తుందన్నాడు. మమ్మీకి ఫోన్ చెయ్యమన్నాడు. ఫోను నా ఒళ్ళోనే ఉంది. "ముందు అయిదూ చెయ్, అప్పుడు చేస్తా" అన్నాను. వాడు మోకాలి మీద తల ఆనించుకుని, ఒక్కొక్క గింజే పక్కకి జరుపుకుంటూ, గంటసేపు చేశాడు. అయిదూ కరెక్టే. అప్పుడు చేశాను ఫోను. నాలుగో రోజు వాడు డెంగీతో దవాఖానలో పోయాడు.

గంట ముందు ఫోన్ చేస్తే బతికేవాడా అని, ఎవరి సంగతో అడుగుతున్నట్టు ఒక డాక్టర్ని అడిగాను. గంటలో ఏం తేడా వస్తుందమ్మా అన్నాడాయన. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు. వాడు నొప్పి అంటే నేను నుదుటి మీద చెయ్యి కూడా పెట్టి చూడలేదు. ఆ సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

పరామర్శకి వెళ్తే మల్లమ్మే నా చెయ్యి పట్టుకుంది. జ్వరం మత్తులో కూడా వాడు లెక్కలే చేశాడట. ఇంకా రెండున్నయ్, అయినంకనే పోదాం మమ్మీ అని కలవరించాడట. "మీరంటే వానికి పానం టీచర్" అంది. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. వాళ్ళిచ్చిన టీ తాగి, ఆ మాటని కూడా దాంతోనే మింగి వచ్చేశాను. నోరున్నదాన్నని నలుగురూ అంటారు. అవసరమైన చోట నాకు నోరే లేదని ఆ రోజు తెలిసింది.

నియమం అప్పుడే వదిలేశాను, ఎవరు లేస్తానంటే వాళ్ళని పంపేశాను. మధు మాత్రం నన్ను వదల్లేదు. దయ్యాలంటే పకపకా నవ్వేదాన్ని నేను. అలాంటిది, వాడి పేరు లేకుండా లెక్క రాద్దామని కూర్చుంటే పెన్ను "మధు దగ్గర" అని మొదలుపెట్టేది. మిట్టమధ్యాహ్నం వంటింట్లో ఉంటే హాల్లో చింతగింజ జరిగిన చప్పుడయ్యేది. వచ్చి చూస్తే చాప ఖాళీగా ఉండేది, గింజలు డబ్బాలోనే ఉండేవి. బాల్కనీ గుమ్మం పక్కన వాడి చోటు నడి వేసవిలో కూడా చల్లగా తగిలేది. వాణ్ణెన్నడూ చూడని కొత్త పిల్లలు సైతం ఆ చోటు వదిలేసి ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. ఎందుకే అని వాళ్ళలో తన్మయి అనే పిల్లని అడిగితే, అక్కడ ఎవరో ఉన్నట్టుంటుంది టీచర్ అని మామూలుగా చెప్పి లెక్కలో పడిపోయింది. వాడు ఎర్ర నూలుతో కట్టిన పుల్లల కట్ట విప్పడానికి నాకు చేతులు రాలేదు.

ఈ జూన్లో మల్లమ్మ కూతురు ఇందుని తీసుకొచ్చింది. అన్న పోయినప్పుడు ఆరేళ్ళ పిల్ల, ఇప్పుడు తొమ్మిది. ఖాళీ లేదని అబద్ధం చెప్పి చూశాను. మల్లమ్మ వినలేదు, పంపితే మీ దగ్గరికే పంపుతానంది. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "గీ ఒక్క ఏడు దాటితే సాలు టీచర్. వాని వయసుకొచ్చింది" అంది. నేను వెనక్కి తిరిగేసరికి ఇందు ఎవరూ చెప్పకుండానే బాల్కనీ గుమ్మం పక్కకి పోయి కూర్చుని ఉంది.

జూలైలో ఒకరోజు బోర్డు మీద రాసే ఓపిక లేక పాత జిరాక్స్ కాగితాలు పంచాను. ఇందు కాగితంలో మూడో లెక్కకి ఎర్ర పెన్నుతో తప్పు పెట్టాకగానీ లెక్కేమిటో చూడలేదు. "మధు తన చెల్లెలు ఇందు కంటే మూడేళ్ళు పెద్ద. మధు వయసు తొమ్మిదేళ్ళయితే ఇందు వయసెంత?" నా చేత్తో నేను రాసిందే. ఇందు రాసిన జవాబు తొమ్మిది.

"నాకిప్పుడు తొమ్మిదే గద టీచర్" అంది మెల్లగా. "అన్నకు గూడ తొమ్మిదే. వచ్చే ఏడు నేనే పెద్దగైత."

ఏడుస్తూ చెబితే ఓదార్చేదాన్నేమో. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. ఇద్దరి వయసుల మధ్య తేడా ఎన్నేళ్ళయినా మారదని ఇన్నేళ్ళూ పిల్లల చేత వల్లె వేయించినదాన్ని. తప్పు కొట్టేసి రైటు పెట్టాను. ఆ కాగితం మీద మధు చూపు కూడా పడుతోందనిపించి బోర్లా తిప్పేశాను.

ఆగస్టు వచ్చింది. వానలు, దోమలు. రోజూ పిల్లలు రాగానే ముందు ఇందు ముఖం చూసేదాన్ని. ముట్టుకోవడానికి మాత్రం చెయ్యి ముందుకు వెళ్ళేది కాదు. ముట్టుకుంటే వేడిగా ఉంటుందేమోనని భయం.

ఒక గురువారం తక్కిన పిల్లలందరూ లెక్కలు ముగించి వెళ్ళిపోయారు. కిందిదాకా దింపి పైకి వచ్చేసరికి బాల్కనీ గుమ్మం పక్కన మోకాలి మీద తల ఆనించుకుని, ఒక్కొక్క గింజే పక్కకి జరుపుతూ మధు కూర్చుని ఉన్నాడు. నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. వస్తాడనే అనుకుంటూ ఉన్నాను. గుమ్మంలోనే నిలబడి, తప్పయిపోయింది నాన్నా, తప్పయిపోయింది అని లోపల్లోపలే వాణ్ణి బతిమాలుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. గింజ ఒకటి దొర్లి నా కాలి దగ్గరకి వచ్చింది. దానికోసం తలెత్తిన ముఖం ఇందుది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఒక్క అంగలో వెళ్ళి నుదురు పట్టుకున్నాను. పెనంలా కాలిపోతోంది. మధ్యాహ్నం నుంచీ తల నొస్తోందట. నాకెందుకు చెప్పలేదే అని గట్టిగానే అరిచాను. ఆ పిల్ల కాగితం చూపించింది.

"ఇంకా రెండున్నయ్ టీచర్. అయిదూ అయినంకనే మీరు ఫోన్ చేస్తరని అన్న చెప్పిండు."

ఎప్పుడు చెప్పాడని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడక్కుండా తనే చెప్పింది. ఆ రోజు ఇంటికి వెళ్ళాక చెప్పాడట. ఆరేళ్ళ పిల్ల మూడేళ్ళపాటు ఆ మాట మర్చిపోలేదు. నేను వదిలేసిన నియమాన్ని తను పాటిస్తూ వచ్చింది. నేను చచ్చినవాణ్ణి క్షమాపణ అడుగుతూ నిలబడినంతసేపూ బతికున్న పిల్ల నా ఎదురుగానే జ్వరంతో కూర్చుని ఉంది. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

మల్లమ్మకి ఫోన్ చేసి, ఇందుని ఎత్తుకుని ఆటో ఎక్కాను. ఎల్బీ నగర్లో వాళ్ళెప్పుడూ చూపించుకునే చిన్న దవాఖానకి ఆవిడ నాకంటే ముందే చేరింది. షాపు ఐడీ కార్డు మెడలో అలాగే ఉంది. నర్సు రక్తం తీసి, పిల్లని లోపల పడుకోబెట్టి, గంటలో రిపోర్టొస్తుందంది. ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. మల్లమ్మ తలుపు వంకే చూస్తోంది.

అప్పుడు చెప్పేశాను. రిపోర్టు మంచిగా వస్తే ఆ మాట మళ్ళీ మింగేస్తానని నా సంగతి నాకు తెలుసు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూడా చెయ్యలేదని, వాడి ఒళ్ళు ముట్టుకుని చూడలేదని, గంటసేపు కూర్చోబెట్టానని అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండనిపించింది.

మల్లమ్మ తలుపు మీంచి చూపు తిప్పలేదు. "నాకెరుకే టీచర్" అంది. "గా దినమే చెప్పిండు. అయిదూ రైటొచ్చినయంటే నేను సంబురపడ్డ. నేను గూడ ఒళ్ళు ముట్టి చూడలె. బడి లెక్కలు గూడ చేసి పండుకో బిడ్డా అని నేనే మల్ల కూసోవెట్టిన. ఆల్ల నాయినకు గూడ ఇది చెప్పలె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "మూడేండ్ల సంది చూస్తున్న, మీరు జెప్తరని. మీరు జెప్తే నేను జెప్పుదమని."

ఎవరు ముందు ఏడ్చారో గుర్తులేదు. ఒకరి భుజం మీద ఒకరం పడిపోయాం. రిపోర్టు పట్టుకొచ్చిన ల్యాబు పిల్ల మమ్మల్ని చూసి బెదిరిపోయింది. ప్లేట్‌లెట్లు బాగనే ఉన్నయమ్మా, డెంగీ కాదు, ఉత్త జ్వరమే అంది. మేం ఆపలేదు. మాకు వినపడలేదేమోనని పాపం ఆ కాగితం మా కళ్ళముందు పెట్టి, ఏం కాలేదమ్మా, పాప మంచిగనే ఉంది అని మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంది.