చేసిన పని: ఏమీ లేదు

మా అత్త ఆరోగ్యమ్మ తొమ్మిది రోజులుగా ఒంటి మీద చెంబుడు నీళ్ళు పోయించుకోవడం లేదని వృద్ధాశ్రమం నుంచి కబురొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలల పిల్లను చంకనేసుకుని, కంచరపాలెం రైలు గేటు దాటి చరచరా వెళ్ళాను. వెనకాల మా ఆయన సుందర్ రాజ్, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మొహంతో.

ఆశ్రమం నడిపే సిస్టర్ కృపావతి మా ముందు ఒక అట్ట పెట్టింది. అది అత్త చార్టు. ఎప్పుడు లేపాలి, ఏం పెట్టాలి, దేనికి భయపడుతుంది, అన్నిటికీ గళ్ళు గీసి ఉంటాయి. కిందటి నెల చేర్చినప్పుడు మేమే నింపాం. మా ఆయన పోర్టులో క్రేన్ల మెకానిక్కు. కన్నతల్లి చార్టులో కూడా "రోజూ శుభ్రం చేయవలెను, వారానికొకసారి నూనె" అని రాసి, కింద సంతకం పెట్టి, 12-6-83 అని తేదీ వేశాడు. గ్రీజు సంగతి ఒక్కటే మర్చిపోయాడు.

"మతిమరుపు జబ్బున్నవాళ్ళని చూసుకోవాలంటే మాకు ఈ చార్టే ఆధారమమ్మా," అంది సిస్టర్. "మీ అత్తగారు బాత్‌రూంలో కింద కూర్చుని కాళ్ళు చాపేస్తారు. నీళ్ళు పోయబోతే చెయ్యి విసిరి కొడతారు. నిన్న మా ఆయా వరహాలుకి చెంప వాచింది. ఈ నెలాఖరులోగా దారి దొరక్కపోతే మీరు ఇంటికి తీసుకెళ్ళక తప్పదు."

మాది ఒకటే గది. అత్త రెండుసార్లు వెలుగుతున్న కిరసనాయిలు స్టవ్ మీద చీర పడేసింది. ఒకసారి రైలు పట్టాల మీద దొరికింది. ఆవిడంటే నాకు ప్రాణం. ఇంట్లో ఉంచుకుంటే ఏమైపోతుందోనని భయం.

"మీ వరహాలుకి నీళ్ళు పొయ్యడం రాదేటి?" అన్నాను. నాకు భయమేస్తే కోపం వస్తుంది.

"నువ్వే వొచ్చి పోసి సూడు జయశీలమ్మా," అంది వరహాలు, చెంప నిమురుకుంటూ.

వెళ్ళాను. అత్త సిస్టర్ చెప్పినట్టే గచ్చు మీద కూర్చుని ఉంది. వీపు నిటారుగా పెట్టి, చీర మోకాళ్ళ దాకా మడిచి, చాపిన కాళ్ళు రెండూ దగ్గరగా చేర్చి. చూడగానే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అది మొండితనం కాదు. ముప్పై ఏళ్ళు రైల్వే క్వార్టర్లలో పసిబిడ్డల్ని ఆ కాళ్ళ మీదే పడుకోబెట్టి నీళ్ళు పోసింది మా అత్త. జీతం లేని పని కదా, మాకు అది పనిలా తోచలేదు. చార్టులో "చేసిన పని" అన్న గడిలో "ఏమీ లేదు" అని రాసింది ఎవరో కాదు, నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

చంకలో పిల్లను చూపించాను. "అత్తా, బిడ్డకి నీళ్ళు పోత్తావా?"

చేతులు చాపబోయి టక్కున వెనక్కి తీసుకుంది. "నీకు బుద్దుందేటే? నాను తానం సెయ్యకుండా పసిబిడ్డని ముట్టుకుంతానా?" అని వరహాలు చేతిలో చెంబు లాక్కుని తన నెత్తిన తనే కుమ్మరించుకుంది. ఒక చెంబు కాదు, బకెట్టు మొత్తం! వరహాలు ఇంకో బకెట్టు వేణ్ణీళ్ళకి పరిగెత్తింది.

పొడి చీర కట్టుకుని మళ్ళీ కూర్చుంది. పిల్ల తల కింద నా చెయ్యి ఉంచాను గానీ, అవసరమే లేకపోయింది. కన్నకొడుకు పేరు మర్చిపోయిన మనిషి, నీళ్ళ వేడి ఎంతుందో ముంజేతి మీద పోసుకుని చూసింది. పిల్ల నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళలో చుక్క పడకుండా పోసింది. పిల్ల కిక్కురుమనలేదు.

సిస్టర్‌కి ఇంకో దిగులు పట్టుకుంది. "ఇక రోజూ బిడ్డ వస్తోందని అబద్ధం చెప్పాలా? నావల్ల కాదమ్మా."

"అబద్ధమెందుకు సిస్టర్? మా వీధిలో బిడ్డలకేం కరువు?"

నీళ్ళు పోసే మనిషి దొరక్క బాలింతలందరూ సతమతమవుతున్నారు. అడగ్గానే సరేనన్నారు. మా ఆయన కొత్త చార్టు గీశాడు, ఈసారి నేను చెప్పినట్టు. సోమవారం గౌరీశ్వరి కొడుకు, మంగళవారం గురువమ్మ కవలలు, అలా శనివారం దాకా నింపాం. ఆదివారం మా పిల్ల. కవలల గడిలో మాత్రం నేను చూడకుండా "డబుల్ లోడు" అని రాసుకున్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా పిల్ల ఒళ్ళు తుడుస్తూ అత్త అడుగుతుంది, "ఎవులి బిడ్డమ్మా?" అని. మొదట్లో నా గుండె కలుక్కుమనేది.

"నీ మనవరాలే అత్తా," అంటాను.

"ఓలమ్మ! నాదేనా!" అని ఎగిరి గంతేసినంత పనిచేసి, పిల్లను ముద్దులతో ముంచేస్తుంది. ప్రతి వారం అంతే. మనవరాలు పుట్టిన సంతోషం మేమందరం ఒక్కసారే పడ్డాం.

అత్త పాత చార్టులో "చేసిన పని" గడిలో నేను రాసింది కొట్టేసి, "పసిబిడ్డలకు నీళ్ళు పోయుట, ముప్పై ఏళ్ళు" అని దిద్దాను. చివర ఒక గడి ఖాళీగా ఉంటే అదీ నేనే నింపాను: "బిడ్డ ఎవరిదని అడుగుతుంది. అడిగినన్నిసార్లూ చెప్పవలెను."