ఫైవ్-నైన్ మర్యాద

హరిదాస్ రేడియో స్టేషనులో బయటివాళ్లకు కనిపించే భాగం ఒక తడి తువ్వాలు.

బిషాన్‌లో ఆయనది పాతకాలపు ఫ్లాటు, పదో అంతస్తు. వంటింటి కిటికీ కింద గోడలో, బట్టలారేసే వెదురు కర్రలు గుచ్చుకోవడానికి వరసగా గొట్టాలుంటాయి. బ్లాకులో అందరూ వాటిలో కర్రలు గుచ్చి చొక్కాలూ దుప్పట్లూ ఆరేస్తారు. హరిదాస్ మాత్రం ఆదివారం పొద్దున్నే పొడవాటి గాలపు కర్ర ఒకటి గుచ్చుతాడు. దాని చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటుంది. అదే ఆయన ఏరియల్. పరీక్ష రాసి తెచ్చుకున్న హామ్ రేడియో లైసెన్సు గోడమీద అద్దాల ఫ్రేములో ఉంది. అయినా కింద నడిచేవాళ్లు తలెత్తి చూసి, ఈ పెద్దాయన పదో అంతస్తు నుంచి చేపలు పడుతున్నాడేమిటని బెంగపడకుండా, కర్ర మొదట్లో ఒక తువ్వాలు వేలాడేస్తాడు. అది ఉతికిన తువ్వాలు కాదు. మర్యాద కోసం తడిపిన తువ్వాలు.

అలాంటి మర్యాదే చివరకు ఆయన కొంప ముంచబోయింది.

హరిదాస్ పుట్టింది మలేషియాలో, పెరాక్‌లోని బాగాన్ దాతోలో. కొబ్బరి తోటల్లో పనికని ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల మనవడు. చదువుకుని, ఉద్యోగం కోసం దక్షిణాన ఉన్న ఈ ద్వీప దేశానికి దిగి, జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో చేరాడు. వేడినీ ఒత్తిడినీ కొలిచే గేజీలు నిజం చెబుతున్నాయో లేదో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. అబద్ధం చెప్పే గేజీని చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. రిటైరయ్యే రోజున కూడా కేకు కోసే ముందు ఒక గేజీని తిట్టి వచ్చాడని చెప్పుకుంటారు.

చిన్ననాటి స్నేహితుడు బాబ్జీ మాత్రం ఊళ్లోనే ఉండిపోయాడు. కొబ్బరిచెట్ల మధ్య ఇనుప స్తంభం పాతి, దానికి తీగలు కట్టి, ఆయనా లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇక ప్రతి ఆదివారం పొద్దున్న ఇద్దరికీ గాలిలోనే కచేరీ. ఫోనుంది కదా అని ఎవరైనా అంటే, "ఫోన్లో ఏ ఎదవైనా మాటాడతాడు" అంటాడు బాబ్జీ. ఆ ఇంట్లో ఫోను ఆయన భార్య పాపమ్మ చేతిలోనే ఉంటుంది. ఆయన దాన్ని ముట్టుకోడు.

హరిదాస్ భార్య ఇందిరకు ఈ కచేరీ మీద ఎంత గౌరవమంటే, సరిగ్గా బాబ్జీ గొంతు తేటపడే వేళకే ఆవిడకు కొబ్బరి పచ్చడి గుర్తొచ్చేది. మిక్సీ ఆగాక, "ఏవండీ, ఆ గాలితో సరసాలు చాలించి ఇడ్లీ తింటారా, చల్లారబెట్టుకుంటారా?" అని ఒక్క కేక పెట్టేది. ఆ కేక మైకులో దూరి, సముద్రం పక్కనుంచి వెళ్లి, కొబ్బరి తోటలో దిగేది. "చెల్లెమ్మ సిగ్నల్ నీకన్నా బలంగుందిరా" అనేవాడు బాబ్జీ.

ఇందిర పోయి ఏడాది కావస్తోంది.

మొదటి నెలల్లో హరిదాస్ రేడియో మీద కప్పిన గుడ్డ తియ్యలేదు. తీసిన రోజున చెవుల నిండా మోత. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అని సామెత ఉంది కదా, హరిదాస్ ఇంట్లో అది సామెతగా మిగలలేదు. ఈగలు కాదు, కందిరీగల తుట్టెను కదిపినట్టు ఒకటే జుమ్మనే రొద. దాని అడుగున ఎక్కడో బాబ్జీ గొంతు, నూతిలో పడ్డ చెంబులా అప్పుడప్పుడూ తగిలీ తగలనట్టుండేది. చిత్రమేమిటంటే, రొద ఈ చివరన ఉంది గనుక అవతల బాబ్జీకి హరిదాస్ గొంతు గంట కొట్టినట్టు వినిపిస్తోంది.

అప్పుడు అనవలసిన మాట ఒక్కటే: "ఒరే, నాకేమీ వినపడటం లేదు." కానీ రేడియోవాళ్లలో ఒక మర్యాద ఉంది. అవతలివాడి గొంతు ఎలా అందుతోందో మార్కులు వేసి చెప్పాలి. స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది. రెండూ పూర్తిగా వేస్తే ఫైవ్-నైన్. పెళ్లికి వెళ్లినవాడు సాంబారు ఎలా ఉన్నా బాగుందనే అంటాడు. వీళ్లూ అంతే, ఎవడికైనా ఫైవ్-నైన్ ఇచ్చేస్తారు. "మీరు ఫైవ్-నైన్, మీ పేరు ఒక్కటీ వినపడలేదు, మళ్లీ చెప్పండి" అనే మహానుభావులు కూడా ఉన్నారు.

ఇన్నాళ్లకు పలకరించిన స్నేహితుడి మనసు నొప్పించడం ఎందుకని, తన స్టేషనుకు చెవుడొచ్చిందని ఒప్పుకోవడం మరీ ఎందుకని, హరిదాస్ కూడా ఫైవ్-నైన్ ఇచ్చాడు. బాబ్జీ ఏదో అడిగాడు. రొదలో చిన్న ఎత్తు లేచి తగ్గింది గనుక మాట పూర్తయిందని తెలిసింది. "అవునవును, ఫైవ్-నైన్. ఇక్కడ వాన పడి ఆగింది, ఓవర్" అన్నాడు హరిదాస్. తరవాతి ఆదివారమూ అదే వాన. ఆ పై ఆదివారమూ అదే. జీవితమంతా అబద్ధపు గేజీలను పట్టుకున్న మనిషి, రిటైరయ్యాక తీరుబడిగా తానే ఒక అబద్ధపు గేజీ అయ్యాడు.

ఒక వారం మధ్యలో పాపమ్మ దగ్గరి నుంచి ఫోన్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నియ్యా, ఏటిది? మీ స్నేయితుడు మూతి ముడుసుకుని కూకున్నాడు. 'ఒకే మాట ఎన్ని ఆదివారాలు అడిగినా ఆడు వాన కబుర్లు చెప్తన్నాడు, నాకు అర్థమైపోనాది' అంటన్నాడు. ఏటడిగారయ్యా అంటే నాకు చెప్పడు. ఈ ఆదివారం కూడా జవాబు రాకపోతే ఆ స్తంభం పీకించి పాత ఇనపోడికి ఇచ్చేత్తాడట. అలామా, ఏటి కర్మ, ఇద్దరూ ఇస్కూలు గుంటలేటి?"

హరిదాస్ మెసేజ్ మళ్లీ విన్నాడు. అందులో రొద లేదు, ప్రతి మాటా గుచ్చుకుంది. పాపమ్మకు ఫోన్ చేసి నిజం చెప్పేయవచ్చు. అంటే, "మీ ఆయన మాట ఒక్కటీ వినపడలేదమ్మా, విన్నట్టు నటించాను" అనాలి. దానికన్నా రేడియో బాగుచేయడమే తేలిక అనిపించింది. ఇంజనీర్లకు దేవుడు ఇలాంటి తేలిక దారులే చూపిస్తాడు.

కిటికీ బయటి కేబుల్ విప్పాడు. సముద్రపు గాలికి ప్లగ్గు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, కొత్త ప్లగ్గు టంకం పెట్టి, నీళ్లు దిగకుండా రబ్బరు టేపు చుట్టాడు. ఏరియల్ సర్దుకుంది, రొద కూడా మరింత స్పష్టంగా వినిపించింది. రొదను అడ్డుకుంటాయని ఇనుప పొడితో చేసిన రింగులు కొనుక్కొచ్చి, దొరికిన ప్రతి తీగకూ తాయెత్తుల్లా కట్టాడు. తాయెత్తులు ఎంత పనిచేస్తాయో అవీ అంతే పనిచేశాయి.

లిఫ్టులో పై అంతస్తు రాజారావు కలిశాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు కంప్యూటర్లు చూసే కుర్రాడు. సలహా అడిగితే ఇస్తాడు, అడక్కపోతే ఇంకా బాగా ఇస్తాడు.

"అంకుల్, నాయిస్ క్యాన్సిలేషన్ హెడ్‌సెట్ తీసుకోండి. మా టీమ్‌లో అందరికీ అదే."

"రొద చెవి బయట లేదు బాబూ, తీగలో ఉంది."

"అయితే ఆయన్ని జూమ్‌లోకి రమ్మనండి అంకుల్. లింక్ నేను పంపిస్తా."

"వాడు ఫోనే ముట్టడు నాయనా."

"మరి రేడియో ఎందుకు ముడుతున్నారు?" అన్నాడు రాజారావు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు పాపం. ఈలోగా పదో అంతస్తు వచ్చింది. లిఫ్టులు కొన్నిసార్లు మనుషులకన్నా దయగా ఉంటాయి.

రొదను వేటాడటానికి మొదటి సూత్రం, ముందు సొంతిల్లు వెతకడం. రేడియోను బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో కరెంటు ఆపి చూడాలి. హరిదాస్ ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, ఒక్క మినహాయింపుతో. వంటింటి స్విచ్చు ఆపాడు, పడగ్గదిది ఆపాడు, ఏసీది ఆపాడు. హాలు స్విచ్చు దగ్గర చెయ్యి ఆగింది. హాలులో టీవీ, ఫ్యాను, ఇందిర ఫోటో ఉన్నాయి. ఫోటో ముందు చిన్న కరెంటు దీపం. కూతురు నవత తెచ్చి పెట్టింది. "నాన్నా, నూనె దీపం డేంజర్ లా. ఇది పెట్టండి, అమ్మ ఏడాది అయ్యేదాకా ఆఫ్ చెయ్యొద్దు" అని ఇక్కడి యాసలో మరీ చెప్పింది. ఆవిడ దీపం ఆర్పడమా? టీవీ ప్లగ్గు పీకి, ఫ్యాను ఆపి, సొంతింటికి నిర్దోషి అని తీర్పు చెప్పి, ఊరి మీద పడ్డాడు.

శనివారం సాయంత్రం చిన్న చేతి రేడియో చెవికి ఆనించుకుని వరండా అంతా తిరిగాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, గోడకేసి రేడియో అటూ ఇటూ తిప్పాడు. పక్కింటి లిమ్ ఆంటీ తలుపు సందులోంచి చూసి, "అంకుల్, యూ లుకింగ్ ఫర్ గోస్ట్ ఆ?" అంది. లేదన్నాడు. ఆ తరవాత మెట్లెక్కి వెళ్లి రాజారావు చేపల తొట్టి పంపును అనుమానించాడు. "చేపలకేమైనా అయితే మా ఆవిడకు మీరే చెప్పాలి అంకుల్" అంటూ రాజారావు పంపు ఆపాడు. రొద తగ్గలేదు. చేపలు మాత్రం హరిదాస్ వైపు అదోలా చూశాయి.

ఓడిపోయి ఇంటికొచ్చాడు. ఏ రోజు సంగతి ఆ రోజు ఫోటో ముందు నిలబడి చెప్పడం ఆయనకు అలవాటు. చెయ్యి కిందికి వేలాడేసుకుని, రేడియో ఆపడం కూడా మరిచిపోయి, "ఇవాళా దొరకలేదు ఇందిరా" అనబోయాడు.

చేతిలోని రేడియో గయ్యిమంది.

వెనక్కి రెండడుగులు వేశాడు. గొణిగింది. ముందుకు వచ్చాడు. మళ్లీ గయ్యిమంది. దీపానికి కరెంటిచ్చే బుల్లి అడాప్టర్ దగ్గర పెడితే, ఆ అరుపుకి హరిదాస్ తనే ఉలిక్కిపడ్డాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కాకపోతే ఈయన ఊరివాళ్ల చేపలకు ఊపిరి కూడా ఆపి వెతికాడు.

ఫోటోలో ఇందిర ఎప్పటిలాగే చూస్తోంది. చెప్పండి చూద్దాం అన్నట్టుంది.

"నువ్వా?" అన్నాడు హరిదాస్. "ఉన్నన్నాళ్లూ మిక్సీ. ఇప్పుడు ఇదా?"

నవ్వు వచ్చింది, చాలా రోజులకు. తరవాత దిగులు పట్టుకుంది. ఈ దీపం ఆపితే బాబ్జీ వినిపిస్తాడు. ఉంచితే స్తంభం పాత ఇనుము అవుతుంది. ఏడాది నిండకుండా ఆవిడ దీపం ఆర్పి, ఆ చీకట్లో స్నేహితుడితో కబుర్లాడాలా?

పైన అలమారలో ఇత్తడి కుంది దొరికింది. వత్తులు చెయ్యడం తనకు రాదు. నూలు, దూది ఎక్కడ కొనాలో కూడా తెలియదు. కుంది వెనకాల పాత మైలో పొడి డబ్బా ఒకటి ఉంటే, మూత తీశాడు. నిండా వత్తులు. టీవీ చూస్తూ తొడమీద పేని ఇందిర దాచుకున్నవి. వంగకుండా, తేమ పట్టకుండా, ఇంకా ఎన్నాళ్లకో సరిపడా ఉన్నాయి. హరిదాస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కాసేపు కుర్చీలో కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే తువ్వాలు తడిపాడు. కర్ర గుచ్చాడు. కుందిలో నువ్వుల నూనె పోసి, వత్తి వేసి, ముందు అది వెలిగించాడు. నిలకడగా మండుతోందని చూసుకున్నాక అడాప్టర్ పీకాడు.

రేడియో పెట్టాడు. ఎక్కడో దూరాన సుమత్రా వైపు మెరుపుల చిటపటలు. వాటి వెనక ఖాళీ. ఇంత విశాలంగా ఉంటుందా గాలి, అనుకున్నాడు. ఆ ఖాళీలోకి దగ్గుతూ ఒక గొంతు వచ్చింది.

"ఉన్నావేటిరా, వానదేవుడా? ఓవర్."

"ఉన్నాన్రా. చెప్పు, ఓవర్."

"చెప్పడాలు అయిపోనాయి. ఇయాల పొద్దున్న నేనేటి తిన్నానో చెప్తాను, నువ్వు తిరిగి చెప్పు. చద్దన్నంలోకి నెత్తళ్ల సంబల్, ఉల్లిపాయ. పాపమ్మ తిట్లు. ఓవర్."

"చద్దన్నం, నెత్తళ్ల సంబల్, ఉల్లిపాయ, పాపమ్మ తిట్లు" అన్నాడు హరిదాస్. మర్యాదంతా పక్కన పెట్టి, మీటరు ముల్లు వంక చూసి, "నీ రిపోర్టు ఫోర్-సిక్స్. మెరుపుల్లో మాట అక్కడక్కడా విరుగుతోంది. ఇన్ని వారాలూ ఫైవ్-నైన్ అన్నది అబద్ధం. నీ మాట ఒక్కటీ వినపడలేదు. ఓవర్" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

మెరుపులు మరోసారి చిటపటలాడాయి. స్తంభం పడిపోయిందేమో అనుకున్నాడు.

"ఒరే" అన్నాడు బాబ్జీ, మెల్లగా. "ఆ మాట ముందే ఏడవొచ్చు కదరా. ఇందిర ఏడూడి కర్మకి నేనూ పాపమ్మా బస్సెక్కి వద్దాఁవా అనడిగితే, వాన పడి ఆగిందన్నావు. రావొద్దని అంత సొగసుగా చెప్పినోడు ఈ దేశంలో లేడనుకున్నాను. ఓవర్."

హరిదాస్ మైకు నొక్కాడు. నోరు తెరిచేలోగా వీధి తలుపు తీసుకుని, ఆదివారం టిఫిను పొట్లాలతో నవత లోపలికొచ్చింది.

"నాన్నా! ఏంటి ఈ నూనె వాసన? దీపం వెలిగించారా? కర్టెన్ పక్కనా? ఐయో, ఫైర్ వస్తే హౌ? ఆ రేడియో ముందు ఆపండి లా, ఇడ్లీ చల్లారిపోతోంది!"

మైకు నొక్కి ఉన్న సంగతి హరిదాస్‌కు అప్పుడు తెలిసింది. వేలు తీశాడు.

అవతల బాబ్జీ నవ్వుతున్నాడు. నవ్వులో దగ్గు, దగ్గులో నవ్వు. "అదీ" అన్నాడు. "నీ గొంతు ఎలాగున్నా, ఎనకాల ఆ కేక ఉంది సూడు, అది ఫైవ్-నైన్. ఇదే చివరిసారి అడగడం. రమ్మంటావా, వద్దంటావా? ఓవర్."

"రండిరా" అన్నాడు హరిదాస్, "ఇద్దరూ రండి." మెరుపుల్లో మాట విరిగిపోతుందేమోనని మళ్లీ అన్నాడు.