గుడ్లకు నీడపట్టిన తడిక

నేను ఒక కొబ్బరాకుల తడికను. గోడనని గొప్పలు పోవడానికి లేదు. గాలి నన్ను అడక్కుండానే లోపలికీ బయటికీ తిరుగుతుంది. నీడ మాత్రం ఇస్తాను, అదీ చిల్లులతో.

నా పుట్టుకకు కారణం తుపాను. సముద్రపు ఒడ్డున ముప్పయ్యేళ్ళ కొబ్బరిచెట్టు కూలితే ఊరివాళ్ళు కాయలు ఏరుకున్నారు. దానమ్మ మట్టలు ఈడ్చుకుపోయింది. చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకునే మనిషి ఆమె. మట్టను నడిమికి చీల్చి, నీళ్ళలో నానబెట్టి, మోకాలికింద అదిమిపెట్టి ఒక్క పూటలో నన్ను అల్లేసింది. కొన్నాళ్ళు ఆమె పెరట్లో స్నానాలచోట అడ్డుగా ఉన్నాను. ఆమెకు నలుగురు కూతుళ్ళు. సబ్బుబిళ్ళ కోసం వాళ్ళు చేసే రాద్ధాంతం రోజూ నా చెవిన పడేది.

తరవాత టీ బడ్డీ ఎర్రయ్య దానమ్మను అడిగి నన్ను తీసుకుపోయి పడమటెండకు అడ్డం కట్టుకున్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా "ఇంత ఎండ పుట్టి ఎరగం" అనేవాళ్ళు. ఆ వెంటనే "టీ ఇంకాస్త వేడిగా పొయ్యవోయ్" అనేవాళ్ళు. మనుషుల సంగతి నాకు అప్పుడే కొంత అర్థమైంది. ఏడాది తిరక్కుండా ఎర్రయ్య రేకు కొన్నాడు, నన్ను బడ్డీ వెనక్కి విసిరేశాడు.

నేను పడి ఉన్న చోటికి ఎదురుగా, దానమ్మ చేపలు ఎండబెట్టే చోటికి పక్కనే, వల కట్టిన కంచెలో తాబేలు గుడ్లు పొదిగించేవాళ్ళు. తల్లి తాబేళ్ళు ఒడ్డున పెట్టిపోయిన గుడ్లను కుక్కల పాలు కాకుండా తెచ్చి ఇసుకలో పాతిపెట్టేవాడు గురువులు అనే కాపలాదారు. కిందటేడు రెండు గుంటల్లో ఒక్క పిల్లా పైకి రాలేదు. తవ్వి చూస్తే గుడ్లలోనే ఎండిపోయి ఉన్నాయట. ఈ ఏడు మార్చి నెల దాటకుండానే ఎండ మళ్ళీ నిప్పులు కక్కింది.

ఒక మిట్టమధ్యాహ్నం పరిశోధనకు వచ్చిన హైమవతి ఇసుకలోంచి ఉష్ణమాపకం తీసి చూసి నిట్టూర్చింది.

"ముప్పై నాలుగు. పైన కప్పే నీడ వల వచ్చేవారం గానీ రాదు. అప్పటిదాకా ఇవి ఆగవు."

చేపలు తిరగేస్తున్న దానమ్మ అక్కడినుంచే కేకేసింది. "మాకే నీడ నేదు, తాంబేళ్ళకి నీడేటి తల్లీ?"

"ఇసక మీద సెయ్యెట్టి సూడప్పా," అన్నాడు గురువులు.

దానమ్మ వచ్చి అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. "ఓలమ్మా! పెనమే!"

"ఇంకొక్క డిగ్రీ పెరిగితే పిల్లలు బతకవమ్మా," అంది హైమవతి. "బతికినా దాదాపు అన్నీ ఆడవే. తాబేళ్ళకి ఆడా మగా తేల్చేది ఇసుక వేడే. చల్లగా ఉంటే మగవి, కాలిపోతుంటే ఆడవి."

దానమ్మ పకపకా నవ్వింది. "అన్నీ ఆడగుంటలే అయితే మరి పెళ్ళిళ్ళు ఎవులితో?"

"అదే భయం. ఇంకొన్నేళ్ళు పోతే గుడ్లు పెడతాయి గానీ అందులో పిల్ల ఉండదు."

దానమ్మ నవ్వు ఆగిపోయింది.  "నలుగురు ఆడగుంటల్ని కన్నానని మా యత్త బతికినన్నాళ్ళూ నాకు తిన్నగా కూడెట్టనేదు. ఈ తల్లినీ అలాగే ఆడిపోసుకుంటారేటి?"

"తప్పు తల్లిది కాదమ్మా. ఎండది."

దానమ్మ లేచింది. కొంగు నడుముకు దోపి, నేరుగా టీ బడ్డీ వెనక్కి వచ్చి నన్ను లాగింది. "నా సేతి అల్లిక ఇది. తీసుకుపోతన్నాను," అని ఎర్రయ్యకు చెప్పింది, అడగలేదు. నాలుగు కర్రలు పాతి, అన్నిటికన్నా కాలుతున్న గుంట మీద నన్ను కట్టింది. మగబిడ్డ కోసం మొక్కులు మొక్కే మనుషుల్ని ఎందరినో చూశాను. గుడ్లలోంచి మగబిడ్డలు రావాలని నాకు మొక్కినట్టయింది ఆ పూట.

మర్నాటినుంచి కూతుళ్ళనూ కూర్చోబెట్టుకుని అల్లింది. నాలుగో రోజుకు కంచెలో ప్రతి గుంట మీదా నా చెల్లెళ్ళు లేచారు. వారం గడిచేసరికి ఇసుక వేడి ముప్పై ఒకటికి దిగింది. నీడ వల కూడా వచ్చింది గానీ గురువులు దాన్ని మా మీదుగా పరిచాడే తప్ప మమ్మల్ని తియ్యలేదు.

ఏప్రిల్ చివర ఒక తెల్లవారుజామున నా కింద ఇసుక కుంగింది. ఒక నల్లటి ముక్కు, చిన్న తెడ్డులాంటి చెయ్యి, వెంటనే ఇంకోటి, మరి పది. నూట పద్దెనిమిది గుడ్లలో తొంభై ఏడు పిల్లలు. తట్టలో నీటి అంచుదాకా తెచ్చి వదిలితే, ఒకదాన్నొకటి తోసుకుంటూ అలల్లోకి పోయాయి.

"ఇందులో మగోలు ఎవులు తల్లీ?" అంది దానమ్మ.

"చూసి చెప్పలేమమ్మా. కొన్ని తప్పకుండా ఉంటాయి."

"ఉంటే సాలు. ఎవులో తాంబేలమ్మ సూసుకుంటాది."

వానాకాలం వెళ్ళేసరికి నేను నలుపెక్కాను, అంచులు రాలాయి. నిన్న పై ఊరినుంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. తమ ఒడ్డునా గుడ్లకు నీడ కట్టాలట. అల్లిక నేర్పమన్నారు. దానమ్మ నన్ను రాత్రంతా నీళ్ళలో నానబెట్టింది. పొద్దున్నే వాళ్ళ మధ్య పరిచి, కొసనుంచి ఒక్కొక్క ఆకే విప్పి చూపిస్తోంది.

"ఇదిగో, ఇది కిందినుంచి ఒచ్చింది, దీన్ని దాటి ఇలాగ పోయింది. సూడండి, మళ్ళీ సెప్పను."

సగం విడిపోయాను. ఆరు జతల చేతులు పచ్చి ఆకుతో మొదలుపెట్టాయి.