నెల తప్పిందనుకున్నారు

పప్పులో పోపు పెడుతున్నాను. నూనెలో ఇంగువ పడి పొంగిందో లేదో, కడుపులోంచి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. స్టవ్ కట్టేసే టైము కూడా లేదు. గరిటె చేత్తో పట్టుకునే వెనక కుళాయి దగ్గరికి పరిగెత్తాను. పొద్దున తిన్న ఇడ్లీ అంతా పోయింది. చేతులు వణుకుతున్నాయి, నాలుక ఎండిపోయి అంగిలికి అతుక్కుంటోంది. మొహం కడుక్కుని తలెత్తేసరికి మా అత్తయ్య హైమావతిగారు వెనకాలే నిలబడి ఉన్నారు. మాడిపోయిన పోపు గురించి ఓ మాట అంటారనుకున్నాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, గొంతు తగ్గించి, “ఏమే బిందూ, నువ్వు బయటచేరి ఎన్నాళ్లయింది?” అని అడిగారు.

గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. పోయిన వేసవి తర్వాత నా ఒంటికి ఓ వరసంటూ లేదు. ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. ఆ మాటే చెప్పబోయాను. ఈలోగా ఆవిడ నా చేతిలో గరిటె తీసేసుకుని, “పో, పోయి పడుకో. వంట నేను చూసుకుంటాను” అన్నారు. నా కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. నన్నేనా అంటున్నది అని అనుమానం వచ్చింది.

సంగతేమిటంటే నేను నెల తప్పలేదు. ఆ వారమే ఒక మాత్ర మొదలుపెట్టాను. మనసు బాగోనివాళ్లకిచ్చే మాత్ర. నాచారంలో నేను పనిచేసే మసాలా పొడుల కంపెనీలో బిల్లింగ్ సెక్షన్‌లో నా పక్క సీటు తారామణిది. మధ్యాహ్నం బాక్సు తెరవకుండా దాన్నే చూస్తూ కూర్చుంటున్నానని కనిపెట్టి, హబ్సిగూడలో తను చూపించుకున్న డాక్టరమ్మ దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. నిద్రలేదని, ఆకలిలేదని, రోడ్డు దాటుతుంటే బస్సు మీదికొస్తున్నా పక్కకి జరగాలనిపించట్లేదని చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. “మొదటి రెండు వారాలు ఈ మందు మిమ్మల్ని కష్టపెడుతుంది. వాంతులు, వణుకు, ఆవులింతలు, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఆ తర్వాతే మేలు చెయ్యడం మొదలవుతుంది. కష్టపెట్టగానే చాలామంది మానేస్తారు. మీరు మీ అంతట మానెయ్యకండి. టిఫిన్ తిన్నాకే వేసుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువైతే మాత్రం ఆగొద్దు, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి,” అంది.

మా ఆయన లక్ష్మీకాంత్‌కి చెప్పాను. “పిచ్చి డాక్టరు దగ్గరికా? ఏం తక్కువైందే నీకు?” అన్నాడు. తర్వాత పేపరు తిరగేస్తూ, “సరే, మింగు. అమ్మకి మాత్రం తెలియనివ్వకు. మా ఇంటావంటా లేవు ఇలాంటివి,” అన్నాడు.

ఏం తక్కువైందో చెప్పాలంటే పోయిన వేసవి చెప్పాలి. మాకు పాప పుట్టింది. పుట్టింది అనకూడదట. నెలలు నిండాక కడుపులోనే పోయింది. నర్సింగ్ హోములో నాకు మత్తిచ్చి ఆపరేషన్ చేసి తీశారు. మెలకువ వచ్చేసరికి నా పక్కన దిండు తప్ప ఏమీ లేదు. “చూస్తే మర్చిపోలేవు. అందుకే చూపించలేదు,” అన్నాడు లక్ష్మీకాంత్. ఊపిరి తియ్యని బిడ్డకి పురుడూ లేదు, మైలా లేదు అన్నారు అత్తయ్య. ఒంటికి బుద్ధి ఉండదు కదా, దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, పాలు వచ్చాయి. అత్తయ్య మల్లెపూలు తెప్పించి, రొమ్ముల మీద పరిచి, గుడ్డతో బిగించి కట్టారు, పాలు ఇంకిపోవాలని. అవి కమిలిపోతే మళ్లీ కొత్తవి. ఆ పాప కోసం మా ఇంట్లో జరిగిందల్లా అదే. నెల తిరక్కుండా నేను మళ్లీ పోపులడబ్బా ముందు నిలబడ్డాను. “ఇంకా ఆ మొహమేంటి? చిన్నవాళ్లు, మళ్లీ పుడతారు,” అనేవాళ్లు వచ్చినవాళ్లు. పోయింది గిన్నె కాదు కదా, ఇంకోటి కొనుక్కోడానికి! అనలేకపోయాను. కాఫీలిచ్చి పంపాను.

ఇప్పుడు నాకు కాఫీ వస్తోంది, మంచం దగ్గరికి! మర్నాడు పొద్దున అత్తయ్య స్వయంగా తెచ్చారు, చక్కెర సరిపోయిందా అని కూడా అడిగారు. నీళ్ల బిందె ఎత్తొద్దన్నారు. బియ్యం తనే కడిగారు. నాలుక చప్పగా ఉంటుందని నిమ్మకాయ పచ్చడి సీసా నా పక్కకి జరిపారు. అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. కాఫీ బాగుంది మరి. అలా ఎవరైనా నా పక్కన కూర్చుని తల నిమిరి ఎన్నాళ్లయిందో. ఆ చెయ్యి నాకోసం కాదని తెలుసు, కడుపులో ఉందనుకుంటున్న వాళ్లకోసమని తెలుసు. అయినా తల వంచి నిమిరించుకున్నాను. అంత కరువులో ఉన్నాను నేను.

కానీ ప్రేమతోపాటు కాపలా కూడా వచ్చింది. “ఇంగ్లీషు మందులేవీ మింగకు. తలనొప్పి మాత్ర కూడా వద్దు. పోయినసారి ఏం తిన్నావో ఏమిటో” అన్నారు. పోయినసారి! పాప పోయింది నా నోటివల్లేనన్నమాట. నేను టిఫిన్ తింటుంటే ఎదురుగా కూర్చునేవారు. అందుకని ఇడ్లీలు కొన్ని బాక్సులో పెట్టుకుని ఆఫీసులో తిని మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. ఉప్పల్ రోడ్డంతా మెట్రో పిల్లర్ల కోసం తవ్విపెట్టారు. బస్సు గుంటలో పడి లేచినప్పుడల్లా ప్రాణం గొంతులోకి వచ్చేది. కంపెనీ గేటు దాటగానే వేయించిన ధనియాల ఘాటు. రాత్రంతా కళ్లు మూతపడవు, పగలంతా దవడలు నొప్పెట్టేలా ఆవులింతలు. మేనేజర్ నరసింహమూర్తి నా టేబుల్ దగ్గర ఆగి, అందరికీ వినబడేలా, “ఏం మేడమ్, రాత్రుళ్లు మీవారు నిద్రపోనివ్వట్లేదా?” అన్నాడు. సెక్షన్ మొత్తం నవ్వింది. నా చేతిలో బిల్లు వణుకుతోంది. సిగ్గుతో అనుకున్నారు. మాత్రతో అని వాళ్లకేం తెలుసు.

తారామణి నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. “ఆడి మాటలు ఇడ్సిపెట్టు. నాకు గూడ ఫస్ట్‌ల గిట్లనే అయింది. మస్తు సతాయిస్తది, అటెన్క సల్లవడ్తది. ఖాళీ కడుపుల గోలి ఎయ్యకు. జర ఓపిక పట్టు.” ఇంట్లో సంగతి చెప్పాను. నోటిమీద చెయ్యేసుకుంది. “ఓ యమ్మో! నీల్లువోసుకున్నవ్ అనుకుంటుందా? బిందూ, గంత అబద్ధం ఎట్ల మోస్తవ్? అసలే నీ పానం బాగలేదు.”

ఆ శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య తణుకులో ఉన్న వాళ్లక్క పద్మావతిగారితో ఫోన్లో ఉన్నారు. “ఇంకా ఎవరికీ చెప్పకే. నిలిస్తే కీసరగుట్టలో అభిషేకం చేయిస్తానని మొక్కుకున్నా,” అంటూ నవ్వుతున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్తూ లక్ష్మీకాంత్‌ని పిలిచాను. “ఇవాళే అత్తయ్యకి చెప్పేయండి. ఇవి కడుపుతో ఉన్న వాంతులు కావని చెప్పండి,” అన్నాను.

“ఇప్పుడా? నెత్తి మీదకెక్కి కూర్చుంటుంది. పిచ్చి మాత్రలని చెప్పమంటావా?”

“మరి ఎన్నాళ్లు?”

తీగ మీది తువ్వాలు తీసి మడత పెడుతూ, రేపు పాలవాడికి ఏం చెప్పాలో చెప్పినట్టు చెప్పాడు. “రెండు నెలలు పోనీ. నిలవలేదని చెప్దాం. నీకు ఇదివరకు ఒకసారి అయిందేగా, ఎవరూ అనుమానించరు.”

నేను బట్టలన్నీ అలాగే తీసుకుని కిందికి వచ్చేశాను. అన్నం వడ్డించాను. గిన్నెలు కడిగాను. ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. ఈయన సుఖం కోసం నేను ఇంకో బిడ్డని పోగొట్టుకోవాలి. మళ్లీ మంచమెక్కాలి, మళ్లీ ఎవరో వచ్చి చిన్నవాళ్లు కదా అనాలి, మళ్లీ నేను కాఫీ ఇవ్వాలి. మొదటిదానికే ఏడవనివ్వలేదు. లేనిదాని కోసం ఏడ్చి చూపించాలట.

ఆదివారం పొద్దున అత్తయ్య కళ్ల ముందు మాత్ర వేసుకోవడం కుదరలేదు. మధ్యాహ్నానికి తల తిరుగుతోంది. ఆవిడ వరండాలో చాప వేసుకుని గోంగూర ఒలుస్తున్నారు, నాకోసమే. ముందుగదిలో లక్ష్మీకాంత్ క్రికెట్ చూస్తున్నాడు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“అత్తయ్యా, నేను నెల తప్పలేదు. మనసు బాగోక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడిచ్చిన మందుకే ఈ వాంతులు. మీ అబ్బాయికి తెలుసు.”

ఆవిడ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. “ఎంత పని చేశావే! మా అక్కకి చెప్పానే! మొక్కు మొక్కానే! మనసు బాగోకపోడానికి నీకేం వచ్చిందసలు?”

“పాప పోయింది అత్తయ్యా.”

ఆ ఇంట్లో పైకి ఆ మాట అన్నది అదే మొదటిసారి. లోపల టీవీ గొంతు తగ్గింది.

“అది పోయి ఏడాది దాటింది. ఇంకా మర్చిపోలేదూ?”

“ఎలా మర్చిపోతాను? నేను చూడనేలేదుగా. మీరు చూశారు. ఎలా ఉంది?”

లక్ష్మీకాంత్ గుమ్మంలోకి వచ్చాడు. “ఇప్పుడవన్నీ దేనికి? లోపలికి పద.” నేను కదల్లేదు. అత్తయ్య కొడుకువైపు చూడలేదు, నావైపూ చూడలేదు. గోంగూర ఆకుల్లోకి చూస్తూ, “ఒత్తుగా జుట్టుంది,” అన్నారు. “నల్లగా. మీ నాన్నకున్నట్టు గడ్డం మీద నొక్కుంది. నిద్రపోతున్నట్టే ఉంది పిచ్చిముండ. లేపుదామనిపించింది.”

ఎక్కడున్నాయో ఇన్నాళ్లూ, నాకు కన్నీళ్లు వచ్చాయి. వెక్కిళ్లమధ్య అడిగాను, “ఎక్కడ పెట్టారు?”

“వీడే తీసుకెళ్లాడు. అంబర్‌పేట దగ్గర, మూసీ ఒడ్డున. చెప్పరా.”

లక్ష్మీకాంత్ రిమోట్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“చెప్పరా! నీ చేతులతో నువ్వే పూడ్చానన్నావుగా నాతో?”

“నాకు చేతకాలేదమ్మా. నర్సింగ్ హోములో ఆయా ఉంటే ఆమెకిచ్చేశాను. ఆవిడే చూసుకుంటానంది.”

“ఎక్కడ పెట్టింది?” అన్నాను.

“అడగలేదు.”

నేను చీరకొంగుతో మొహం తుడుచుకుని లేచాను. “రేపు నేను ఆ నర్సింగ్ హోముకి వెళ్తాను. ఆయాని వెతికి అడుగుతాను. మీరు రానక్కర్లేదు,” అన్నాను ఆయనతో.

“నీకేమైనా పిచ్చా? ఇన్నాళ్లకి ఏం దొరుకుతుందని? ఒంట్లో బాగోలేదు, బస్సెక్కితే వాంతులు...”

“ఔను. అయినా వెళ్తాను.”

అత్తయ్య గోంగూర పళ్లెం పక్కకి నెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. కొడుకుని దాటుకుని వంటింట్లోకి వెళ్లి, కంచంలో పెరుగన్నం కలుపుకొచ్చి నా ముందు పెట్టారు.

“తిని ఆ మాత్ర వేసుకో,” అన్నారు. “ఆ ఆయా మొహం నువ్వెక్కడ చూశావు? నేను చూశాను. పొద్దున నేనూ వస్తాను.”