అడుగు నీళ్లలో కలిపిన రంగు

తెల్లారేసరికి మా గిసెన్యీ ఊరి సరస్సు ఒడ్డంతా చచ్చిన సంబాజా చేపలు. వేలెడంత వెండి చేపలు, ఇసుక కనబడనంతగా. పడవలవాళ్లు అప్పటికే మా ఆఫీసు గేటు ముందున్నారు.

"ఒరే న్కుబితో! గ్యాసు తోడతానని మా సరస్సునే చంపేశావు కదరా!" వాళ్ల పెద్ద సెబగాబో అరిచాడు.

"పెద్దాయనా, ఒక్క పూట ఆగు."

"ఆగి ఏం తినాలి? నీ గ్యాసు వేయించుకు తినమంటావా?"

నవ్వినవాడు లేడు.

మా కివు సరస్సు అడుగున మీథేన్ గ్యాసు కరిగి ఉంది. సరస్సు మీద యంత్రాలతో తేలే మా తెప్ప ఆ నీటిని గొట్టంతో పైకి లాగి, గ్యాసు తీసుకుని, మిగిలిన నీళ్లను మళ్లీ అడుగుకే పంపుతుంది. అవి అడుగునే ఉండేలా గొట్టానికి కొత్త మూతిని మా జట్టూ, సరిహద్దు అవతల గోమాలోని కహిందో జట్టూ కలిసి తయారు చేశాం. ఆ నీళ్లు పైకి వస్తే చావు చేపలతో ఆగదు. కింద అణిగి ఉన్న విషవాయువు కదిలితే రెండు ఊళ్లూ మిగలవు. అందుకే వెనక్కి పంపే నీళ్లలో రంగు కలుపుతాం. నీలి దీపం కింద అది పచ్చగా మెరుస్తుంది. పై నీళ్లలో ఆ మెరుపు కనిపించిందా, మా పని అంతటితో సరి.

తనిఖీ అధికారి ముకమూసోని లోపలికొచ్చి నిలబడే చెప్పింది. "మధ్యాహ్నంలోగా తేల్చు. లేదంటే పంపు నేనే ఆపించేస్తాను. మళ్లీ తెరవడం ఉండదు."

మా ఒప్పందం ప్రకారం మా ఒడ్డు నీళ్లు గోమావాళ్లు పరీక్షించాలి, వాళ్లవి మేము. ఎవరి తప్పు వాళ్లే కప్పేసుకోకూడదని పెట్టుకున్న పద్ధతి అది. కహిందోకి ఫోన్ చేశాను.

"సరిహద్దు దాటుతున్నా తమ్ముడూ. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు," అంది.

ఆగలేకపోయాను. గేటు పక్కనున్న పసుపు జెర్రీక్యాను డబ్బాతో ఒడ్డు నీళ్లు ముంచుకొచ్చాను. చీకటి గదిలో గాజు గ్లాసులో పోసి దీపం వేశాను.

పచ్చగా మెరిసింది.

తలుపు దగ్గర నిలబడ్డ ముకమూసోని కూడా చూసింది.

"ఇంకేం కావాలి? తెప్పకి ఫోన్ చెయ్యి."

చేతిలోకి ఫోన్ తీసుకున్నాను. అప్పుడే కహిందో వచ్చింది. చంటిబిడ్డను కట్టుకున్నట్టు వీపున గుడ్డలో సీసాలు.

"ముట్టుకోవద్దన్నానా లేదా?" గ్లాసు చూసింది, నా మొహం చూసింది. "దేంతో తెచ్చావు?"

జెర్రీక్యాను చూపించాను. ఆమె దాన్ని ఖాళీ చేసి, తను తాగే సీసాలోని నీళ్లు అందులో పోసి కుదిపి, ఇంకో గ్లాసులోకి వంచింది. దీపం వేసింది.

పచ్చగా మెరిసింది.

"నా తాగునీళ్లు కూడా మీ గొట్టంలోంచే వచ్చాయా?"

మా ఊళ్లో పాలకీ, అరటిసారాకీ, కిరోసిన్‌కీ, నీళ్లకీ అదే పసుపు జెర్రీక్యాను. తెప్ప మీదికి రంగు మోసుకెళ్లిందీ దాంట్లోనే.

కహిందో వీపు మీది సీసాలు దించింది. వచ్చే దారిలో రెండు ఊళ్ల ఒడ్డునా తనే నింపిన నీళ్లు. ఒక్కొక్కటే దీపం కింద పెట్టింది. ఏదీ మెరవలేదు. ముకమూసోని అన్నిటినీ మళ్లీ పెట్టించి చూసింది.

"మరి చేపలెందుకు చచ్చాయి?"

"దక్షిణపు గాలి, మేడమ్," అంది కహిందో. "పై నీళ్లను తోసేసింది. వాటి కిందున్న ఊపిరాడని చల్లనీళ్లు పైకొచ్చాయి. మేం సరస్సులో వేలాడదీసిన పరికరాల్లో తెలుస్తోంది. గొట్టం మూతి దానికి చాలా కింద ఉంది. అక్కడ ఏదీ కదల్లేదు."

ముకమూసోని ఊపిరి వదిలింది. "పంపు ఆడనివ్వండి. న్కుబితో, నువ్వు మాత్రం ఇంకోసారి నీ నీళ్లు నువ్వే చూసుకోకు."

తెప్ప నుంచి ఫోన్ మోగింది. "గ్యాసు బాగా వస్తోంది సార్. ఒడ్డున గొడవంటున్నారు, ఆపమంటారా?"

"ఆపొద్దు. ఆపొద్దంటే ఆపొద్దు!" అని నేల మీదే కూలబడ్డాను. నవ్వు ఆగలేదు.

గేటు దగ్గర కహిందో అంతా చెప్పింది. సెబగాబో గడ్డం గోక్కున్నాడు.

"గాలి తగ్గితే చేపలొస్తాయంటావా అమ్మాయ్?"

"వస్తాయి. అందాకా వలలు బాగుచేసుకోండి."

"నీ తెప్ప తగలబెడదామని పెట్రోలు కూడా తెచ్చానురా న్కుబితో."

"ఇప్పుడేం చేస్తావు పెద్దాయనా?"

"ఏం చేస్తాను? పడవ మోటారులో పోసుకుంటాను."