కొత్తరేవు విశ్రాంతి గానం

నేను ఒక కాళ్ళ హార్మోనియాన్ని. చేతులతో మెట్లు నొక్కుతూ కాళ్ళతో పెడళ్ళు తొక్కితేనే పలికే జాతి మాది. కాకినాడ జగన్నాథపురంలో మస్తాన్ సాహెబు కొట్టులో టేకు చెక్కతో పుట్టాను. నా ఇత్తడి రీడ్లను ఆయన ఒక్కొక్కటే పెదవులకు ఆనించి ఊదేవాడు. పలుకు నచ్చకపోతే ఆకురాయితో వెంట్రుకవాసి గీకి, మళ్ళీ ఊదేవాడు. భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు.

మొదట నన్ను ఒక నాటక సమాజం వాళ్ళు తీసుకుపోయారు. పదేళ్ళు ఊరూరా తిరిగాను. కాటి సీనులో కొడుకు శవం ముందు కూర్చుని తల్లి వేషగాడు రాగం తీస్తుంటే, జనం కళ్ళు తుడుచుకుంటూనే ‘వన్స్ మోర్’ అని కేకలు పెట్టేవాళ్ళు. చచ్చిన పిల్లాడు లేచి, బట్టలు సర్దుకుని, మళ్ళీ చచ్చేవాడు. మనుషుల దుఃఖం గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. పక్కవాడిదైతే రెండోసారి కూడా వినబుద్ధేస్తుంది.

సినిమాలొచ్చి సమాజం చెదిరిపోయాక, కొత్తరేవు చర్చికి చేరాను. చేపలవాళ్ళ ఊరు. గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. పద్యాలు పలికిన పెట్టె గుడిలోకి ఎలా వస్తుందని సంఘపెద్దలు కొంత తర్జనభర్జన పడ్డారు. చివరికి ఒక పెద్దాయన నా మీద చెయ్యి వేసి అరగంట ప్రార్థన చేశాడు. ఆ ఆదివారం నాలుగు కీర్తనలు పలికేసరికి నాకూ మారుమనస్సు కలిగిందని అందరూ ఒప్పుకున్నారు.

నన్ను వాయించేది జయశీలం మాస్టారు. బడిలో లెక్కలు చెప్పేవారు. మద్రాసులో టీచరు ట్రైనింగు చేసే రోజుల్లో అక్కడొక పెద్ద చర్చిలో పాడేవారట. అక్కడే ఒకసారి రిక్వియమ్ విన్నారు. చనిపోయినవాళ్ళకు విశ్రాంతి ఇమ్మని నాలుగు గొంతుల బృందం కలిసి దేవుణ్ణి వేడుకునే గానం అది. అలాంటిది తెలుగులో ఒకటి కట్టాలని ఆయన కోరిక. ఏటా వేసవి సెలవుల్లో మొదలుపెట్టేవారు, రెండు చరణాలు రాసి చించేసేవారు. ‘అరువు ఏడుపులా ఉంది’ అని నాతోనే అనేవారు. నాటకాల్లో చాలా అరువు ఏడుపులు విన్నదాన్ని కాబట్టి, ఆయన మాట నిజమేనని నాకు తెలుసు.

ఒక అక్టోబరులో తుపాను వచ్చింది. నలుగురితో వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. మూడు శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటికి గంట కొట్టి, ఆరాధన చేసి, సమాధుల తోటలో మట్టి చేశారు. నాలుగోవాడు దానియేలు, ఇరవై రెండేళ్ళవాడు. వాడు దొరకలేదు. తల్లి సువార్తమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆమెకు మిగిలింది వాడొక్కడే.

నెల తిరిగాక ఆమె పాస్టరుగారి దగ్గరకొచ్చింది. ఆ మాటలు నా పక్కనే జరిగాయి.

“అయ్యగారూ, నా బిడ్డక్కూడా గంట కొట్టించండి. ఆడి పేరు మీద ఒక్క పాట పాడించండి.”

పాస్టరుగారు కుర్రవాడు, మెత్తనివాడే. కానీ నియమాల పుస్తకం దాటి అడుగు వేయడానికి భయం. “శవం లేకుండా భూస్థాపన ఆరాధన ఎలా చేస్తానమ్మా? ఏ రేవులోనైనా ప్రాణాలతో తేలాడేమో. ఆశ వదులుకోకు” అన్నాడు.

ఆమెను బతికించిందో చంపిందో గానీ, ఆ మాట పట్టుకుని సువార్తమ్మ రోజూ తెల్లవారకముందే కర్ర పుచ్చుకుని ఒడ్డు వెంట నడవడం మొదలుపెట్టింది. ఏది కొట్టుకొచ్చినా ముందు తను చూడాలి. అంతవరకు కుక్కల్నీ కాకుల్నీ దగ్గరకు రానిచ్చేది కాదు. సైకిలు మీద బడికి వెళ్తూ మాస్టారు ఆమెను చూశారు. ఆ సాయంత్రం గుడికొచ్చి, బైబిలు తెరిచి, నా మీద పెట్టుకుని, ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదివారు.

అది రిస్పా అనే తల్లి కథ. సౌలు రాజు చేసిన పాపానికి అతని వంశంలో ఏడుగురిని కొండమీద ఉరితీశారు. అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. పాతిపెట్టేవాళ్ళు లేరు. ఆమె బండమీద గోనెపట్ట పరుచుకుని, కోతల కాలం నుంచి వానలు పడేదాకా, పగలు పక్షుల్నీ రాత్రి మృగాల్నీ తోలుతూ ఆ శవాలకు కాపలా కాసింది. సంగతి దావీదు రాజు చెవిన పడింది. రాజుకే మనసు కదిలి, ఎముకలు ఏరించి, మర్యాదగా పాతిపెట్టించాడు.

ఆ చలికాలమంతా మాస్టారు నా ముందు నుంచి లేవలేదు. బృందం నిత్యవిశ్రాంతి అడుగుతుంది. మధ్యమధ్య రిస్పా కథ నడుస్తుంది. చివర రాజు వస్తాడు. ఈసారి ఒక్క కాగితం కూడా చించలేదు.

సాధన మొదలయ్యేసరికి గుసగుసలూ మొదలయ్యాయి. “చచ్చినవాళ్ళ కోసం ప్రార్థన మన సంఘంలో లేదు కదండీ మాస్టారూ” అన్నాడు పాస్టరుగారు.

“చచ్చినోళ్ళ కోసం కాదండీ” అన్నారు మాస్టారు. “బతికున్న తల్లి కోసం.”

పాస్టరుగారు నియమాల పుస్తకం తిరగేశాడు. ఆరాధనగా కాకుండా సంగీత కార్యక్రమంగా, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం సాయంత్రం పాడుకోవచ్చని ఒప్పుకున్నాడు. పేరు మారిస్తే మనుషులు ఎన్ని పనులు చేసుకోనిస్తారో!

రిస్పా భాగం నర్సు హెలెన్ పాడేది. శ్రుతి తప్పేది కాదు, కానీ వింటుంటే ఇస్త్రీ చీర కట్టుకుని కొండమీద కూర్చున్నట్టుండేది. ఒకరోజు గుమ్మం దగ్గర బుట్ట దించుకుని సువార్తమ్మ వింటోంది. పాట ఆగగానే అడిగింది.

“ఎవరండీ ఆ కొండమీద కూకున్నావిడ?”

మాస్టారు కథంతా చెప్పారు. ఆమె రెప్ప వేయకుండా విన్నది.

“ఆఖరికి దొరికారా బిడ్డలు?”

“ఆవిడ కళ్ళముందే ఉన్నారమ్మా. మట్టే దొరకలేదు.”

“అయితే నాకంటే నయం” అంది సువార్తమ్మ. బుట్ట ఎత్తుకోబోతూ, “ఆవిడ అలా పాడదండి” అంది.

“మరెలా పాడుద్ది? నువ్వు పాడు.”

“నాకు పాటలు రావండి మాస్టారూ. ఏడుపొక్కటే వొచ్చు.”

“అదే కావాలి తల్లీ.”

ఆమె గడప మీదే చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, శోకాలు తీసింది. మాస్టారి వేళ్ళు ఆమె గొంతును వెతుక్కుంటూ నా మెట్ల మీద పరుగెత్తాయి. దొరకలేదు. నా తెల్లమెట్టుకూ నల్లమెట్టుకూ నడుమ ఎక్కడో నిలబడింది ఆ గొంతు. అక్కడ నాకు మెట్టు లేదు. చివరికి ఆయన వెతకడం మానేసి, అడుగున ఒక్క స్వరం పట్టుకుని ఊరుకున్నారు. హెలెన్ తన కాగితం మడిచి, లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. “ఇది ఈమెదే మాస్టారూ” అంది.

మట్టల ఆదివారం గుడి నిండిపోయింది. ముందు వరసలో పాస్టరుగారు, పెద్దలు. బృందం విశ్రాంతి అడిగింది, సువార్తమ్మ ఏడ్చింది, మళ్ళీ బృందం అడిగింది. నాటకాల రోజుల్లోలా కేకలేమైనా వస్తాయేమోనని నేను బెదురుతూనే ఉన్నాను. ఒక్కరూ దగ్గలేదు. చివర పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ఒకతను రాజు పాట అందుకున్నాడు. ‘కొండమీద కావలి కాసే తల్లీ, నీ బిడ్డలెవరు?’ అని అడుగుతాడు రాజు. అక్కడ మాస్టారు రిస్పాకు జవాబు రాయలేదు. బృందమే అందుకోవాలి.

బృందం నోరు తెరిచేలోగా సువార్తమ్మ అంది. “దానియేలండి. గొల్లపల్లి దానియేలు.”

మాస్టారి కాళ్ళు పెడళ్ళ మీద ఆగిపోయాయి. నా చివరి స్వరం సన్నబడి చచ్చిపోయింది. పాస్టరుగారు లేచి నిలబడ్డాడు. ఎవరివైపూ చూడకుండా పక్క తలుపు తీసుకుని బయటకు వెళ్ళాడు. కోపమొచ్చి వెళ్ళాడనే అందరం అనుకున్నాం. అంతలో గంట మోగింది. ఒక్కో దెబ్బకూ మధ్య ఎడమిచ్చి, సావుగంట. రోజూ గంట కొట్టే గుడి కాపలాదారు గుమ్మంలోనే ఉన్నాడు. తాడు లాగుతున్నది పాస్టరుగారే.

సువార్తమ్మ చేతులు జోడించి, దెబ్బ దెబ్బకూ తల ఊపుతూ నిలబడింది. అప్పుడు గానీ బృందానికి మిగతా పాట గుర్తుకు రాలేదు.

మర్నాడు పాస్టరుగారు భూస్థాపనల పుస్తకం తెచ్చి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పేరూ వయసూ రాసుకున్నాడు. ‘పాతిపెట్టిన స్థలం’ దగ్గర కలం ఆగింది.

“సముద్రం అని రాయండయ్యగారూ” అంది సువార్తమ్మ. “అదీ దేవుడు చేసిందే కదా.”

అలాగే రాశాడు. ఆ తర్వాత ఆమె ఒడ్డుకు వెళ్ళడం మానలేదు గానీ, కర్ర తీసుకెళ్ళేది కాదు.

ఆ గానం ఏటా పాడేవాళ్ళు. చుట్టుపక్కల రేవుల నుంచి మట్టి దొరకని బిడ్డల పేర్లు పట్టుకుని తల్లులు వచ్చేవాళ్ళు. రాజు అడిగే చోట ఒక్కొక్కరే లేచి పేరు చెప్పేవాళ్ళు. ఆ రోజులు తలచుకుంటే నా మెట్లన్నీ ఇప్పటికీ జలదరిస్తాయి. తర్వాత కరెంటుతో పలికే కీబోర్డు వచ్చింది. పాటతో పాటు తబలా కూడా అదే వాయిస్తుందట. నన్ను వెనక గదిలో పెట్టి, నా మీద క్రిస్మసు నక్షత్రాలు పేర్చారు. దాని మీద నాకు కోపం లేదు. దానికి కాళ్ళ నొప్పులు తెలియవు, అంతే.

మొన్న శీతాకాలంలో మాస్టారు పోయారు. ఆయన మాట ప్రకారం నన్ను దులిపి, గుడి ముందు షామియానా కిందకి తెచ్చారు. విశ్రాంతి గానానికి హెలెన్ వాయించింది. ఆమెకూ జుట్టు నెరిసింది. ‘మా కోడలు’ అని తను చెప్పుకునే ఒకామె చెయ్యి పట్టుకుని నడిపించగా సువార్తమ్మ వచ్చి, శవపెట్టె పక్కన కూర్చుని మాస్టారి నుదురు నిమిరింది. దానియేలుకు పెళ్ళి కాలేదు కదా, కోడలెక్కడిదని చూస్తే, ఆ తుపానులోనే పోయిన మరో కుర్రాడి భార్య. ఇన్నేళ్ళూ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారట.

గానం రెండో భాగంలో నాకు గాలి నింపే తోలుతిత్తి చిరిగిపోయింది. హెలెన్ ఎంత తొక్కినా బుసే తప్ప స్వరం లేదు. సువార్తమ్మ ఒక్క క్షణం నావైపు చూసి, తన దారిన తను అందుకుంది. ఆమె వెనకే అందరూ. పాడుతూనే మాస్టారి పెట్టెను భుజాలకెత్తుకుని సమాధుల తోటకు కదిలారు.

నన్నక్కడే వదిలేశారు. షామియానా కింద, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని విన్నాను. పాట వీధి మలుపు తిరిగి, సరుగుడు తోట వెనక్కి వెళ్ళి, ఇక అలల చప్పుడు ఒక్కటే మిగిలేదాకా విన్నాను.